బల్గేరియా అబ్బాయి తల ఊపిన రోజు

ఈ ఉదయం గరాజ్ ఊడుస్తుంటే, మంచు తీసే పారలకూ పాత ఫ్రిజ్‌కూ మధ్య గోడవారన దుమ్ము పట్టని చారొకటి కనిపించింది. బెత్తెడు వెడల్పు, మనిషి పొడవు. రెండు చలికాలాలు అక్కడ ఒక పెద్ద కాన్వాసు బొమ్మ, ముఖం గోడవైపు తిప్పుకొని, మా పాత దుప్పటి కప్పుకొని నిలబడి ఉండేది. పోయిన నెలలో ఇద్దరు మనుషులు వ్యాన్ తెచ్చి దాన్ని తీసుకువెళ్ళారు. చీపురు ఆ చార దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఊడవడానికి ఏమీ లేని చోట ఏం చేయాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాను. మా ఆవిడ తలుపు తీసి, కాఫీ చల్లారిపోతోందని చెప్పి, నన్నూ ఆ చారనూ చూసి, తలుపు వేసుకుంది.

నేను ఈ ఊరి ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. బాపట్లలో కాలేజీ రోజుల్లో మొదలుపెట్టిన డైరీ ఇవాళ్టిదాకా మానలేదు. ఎండో వానో మంచో, ఏం తిన్నామో, ఎవరు వచ్చారో, ఎవరు ఏమన్నారో రాస్తాను. నా డైరీలో అభిప్రాయాలు ఉండవు, జరిగినవే ఉంటాయి. దాని విషయంలో నాకు కొంత గర్వం కూడా ఉండేది. ఆ గర్వాన్ని నా దగ్గరనుంచి పట్టుకుపోయినవాడు మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న బల్గేరియా అబ్బాయి. అబ్బాయి అంటున్నానే గాని, మా ఇంటికి వచ్చేటప్పటికే ముప్ఫై దాటినవాడు. నలభై చూడకుండానే వెళ్ళిపోయాడు.

మా ఇల్లు కెనడాలో, హాలిఫాక్స్‌కు ఎదురుగా, హార్బర్‌కు ఇవతలి ఒడ్డున డార్ట్‌మత్‌లో ఉంది. బేస్‌మెంట్ అద్దెకిస్తామని ఫెర్రీ టెర్మినల్‌లో కాగితం అంటించిన కొద్ది రోజులకే అతను వచ్చాడు. నవంబరు నెల. బయట పొగమంచు, సన్నటి వాన. చేతిలో ఒక సూట్‌కేసు, భుజాన చాపలా చుట్టిన కాన్వాసు గుడ్డ, గోళ్ళ చివర ఎర్రరంగు. బొమ్మలు వేస్తాననీ, తిండి కోసం షిప్‌యార్డ్‌లో ఓడల అడుగులకు రంగు కొడతాననీ చెప్పాడు. అడగవలసినవన్నీ నేను నా పద్ధతి ప్రకారం వరసగా అడిగాను. సిగరెట్ తాగుతావా అంటే తల అడ్డంగా ఊపాడు. సంతోషించాను. మా ఆవిడ మోచేత్తో పొడిచి, మన వంటల వాసన సంగతి కూడా అడగమంది. అంతకుముందు అద్దెకున్నాయన ఆ వాసన పడకే ఖాళీ చేశాడు. మా వంటల వాసన నీకు ఇబ్బందిగా ఉంటుందా అన్నాను. అతను నవ్వుతూ, ఎంతో మర్యాదగా, తల పైకీ కిందికీ ఊపాడు. అంత మర్యాదగా ఇబ్బంది అని చెప్పినవాణ్ణి నేను ఎన్నడూ చూడలేదు. నిజం దాచలేదు కదా అని ఇల్లు ఇచ్చేశాను.

ఆ నెలంతా మా ఆవిడ ఎండుచేపలు వేయించాలంటే వంటింటి కిటికీలు బార్లా తెరిచి, స్వెటరు మీద కోటు వేసుకొని పొయ్యి దగ్గర నిలబడింది. "పాపం, ఇబ్బందైనా చేరాడంటే ఎంత గతిలేక చేరాడో" అని జాలిపడింది కూడా. ఇంకోవైపు బేస్‌మెంట్ మెట్ల మీద సిగరెట్ పీకలు కనిపించసాగాయి. "తాగనన్నాడు కదండీ" అని ఆవిడ, అన్నాడని నేను. ఆ రోజు అతను తల ఎలా ఊపిందీ డైరీ తీసి చూపించాను కూడా. నెలాఖరున ఒక సాయంత్రం అతనే పైకి వచ్చి తలుపు తట్టాడు. పైనుంచి అప్పుడప్పుడూ వచ్చే ఆ గొప్ప వాసన ఏమిటో తెలియక చచ్చిపోతున్నాననీ, మాకు అభ్యంతరం లేకపోతే ఒక ముక్క రుచి చూస్తాననీ అన్నాడు.

అతనితో మా మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే సాగేవి. ఇక్కడ మా భాషలో రాస్తున్నాను. మా ఇంటికి ఆదివారాలు వచ్చే తెలుగు స్టూడెంట్లను చూసి మమ్మల్ని అంకుల్, ఆంటీ అనడం మాత్రం వెంటనే పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఎండుచేప నములుతూ అసలు సంగతి విడదీసి చెప్పాడు.

"అంకుల్, మా దేశంలో ఇది కాదు," అని తల పైకెత్తి దించాడు. "ఇది అవును," అని అడ్డంగా ఊపాడు.

"ఆ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగా బాబూ. నేను కోటేసుకుని చేపలు వేయించాను," అంది మా ఆవిడ.

అతను ఇంకో చిక్కు కూడా చెప్పాడు. ఈ దేశం వచ్చి అప్పటికే కొన్నేళ్ళయింది గనక యార్డ్‌లో పొరపాట్లు జరగకుండా ఇక్కడివాళ్ళ మాదిరిగా ఊపడం నేర్చుకున్నాడట. "యార్డ్‌లో ఈ ఊరి తల, ఇంటికొస్తే మా ఊరి తల. బాగా అలిసిపోయినప్పుడు ఏది వస్తుందో నాకూ తెలీదు," అన్నాడు. అప్పుడు అందరం నవ్వుకున్నాం. ఆ మాటను నేను ఇన్నిసార్లు తలుచుకోవలసి వస్తుందని ఆ పూట ఎవరికి తెలుసు.

తరవాత అతను మా తలల మీద పడ్డాడు. ఆదివారం బల్ల చుట్టూ కూర్చున్న తెలుగు తలలను పెన్సిలుతో గీసుకుంటూ, ఇవి అవును అంటున్నాయా కాదు అంటున్నాయా అని నన్ను అడిగేవాడు. ఒక కుర్రవాణ్ణి ఇంకాస్త అన్నం పెట్టనా అంటే తల రెండు భుజాల మధ్యా అలా అలా ఆడించేవాడు. ఏమన్నట్టు అని ఇతను అడిగితే నేను చెప్పలేకపోయేవాణ్ణి. పుట్టినప్పటినుంచి ఊపుతున్న తలే అయినా ఎప్పుడూ ఆలోచించలేదు. చివరికి అతనే తేల్చాడు, మీ తల ఏమీ ఒప్పుకోదు, ఏమీ కాదనదు, విన్నాను అని మాత్రం అంటుంది అని. భోజనానికి ముందు ప్రార్థన చేసేటప్పుడు మాత్రం అందరి తలలూ ఒకే వైపు వంగేవి. ఆ కాసేపు ఆ బల్ల దగ్గర ఎవరికీ ఏ అనుమానమూ ఉండేది కాదు.

మా ఆవిడ మాత్రం ఏ దేశపు తలనూ నమ్మదు. మా వైపు వడ్డనలో నోటితో వద్దన్నా వేస్తారు, తల ఊపినా వేస్తారు. కంచం మీద చేతులు అడ్డం పెట్టి ముందుకు వంగితేనే నిజంగా వద్దని. ఈ సంగతి తెలియక ముందు అతను తల పైకెత్తీ దించీ, ఆవిడ అన్నం వేసీ వేసీ, ఒక ఆదివారం లేవలేక మా సోఫాలోనే పడుకున్నాడు. ఆ తరవాతి వారం పక్కనున్న కుర్రవాణ్ణి చూసి చేతులు అడ్డం పెట్టడం నేర్చుకున్నాడు. గరిటె గాలిలో ఆగింది. అతను నన్ను చూసి కళ్ళు పెద్దవి చేశాడు, ఇన్నాళ్ళకు ఒక భాష దొరికినట్టు.

అతని కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. పుట్టింది బల్గేరియాలో ప్లోవ్‌దివ్ అనే ఊళ్ళో. తండ్రి దుకాణాల బోర్డులు రాసేవాడు. ఇతను సోఫియాలో బొమ్మలు చదువుకున్నాడు, నాటకాలవాళ్ళకు తెరలు వేశాడు, ఒక అమ్మాయి వెంట కెనడా వచ్చాడు. ఆ అమ్మాయి కాల్గరీలో ఉద్యోగం చూసుకొని వెళ్ళిపోయింది. ఇతను సముద్రం దగ్గరే ఆగిపోయాడు. యార్డ్ పని గురించి చిన్నతనంగా అనుకునేవాడు కాదు. నీళ్ళలో మునిగే భాగానికి ఎర్రరంగు కొడతారు కదా, ఎంత పెద్ద ఓడకైతే అంత పెద్ద ఎర్ర మైదానం. "నా పెద్ద బొమ్మలన్నీ నీళ్ళ కింద ఉన్నాయి అంకుల్. ప్రపంచమంతా తిరుగుతున్నాయి. చేపలు చూస్తున్నాయి," అనేవాడు. డబ్బాల్లో మిగిలిన ఆ ఎరుపునే ఇంటికి తెచ్చి తన బొమ్మల్లో వాడేవాడు. వాసన ఘాటుకు కిటికీలో నేనే ఒక ఫ్యాను బిగించాను. ఎండుచేపల వాసన కిందికీ ఓడరంగు వాసన పైకీ, ఇచ్చిపుచ్చుకోవడం సరిపోయిందనేది మా ఆవిడ.

బొమ్మల్లో ఎక్కువగా ఫెర్రీలో నిలబడే మనుషులు ఉండేవాళ్ళు, తడిసిన కోట్లు, ముడుచుకున్న భుజాలు. ఒక కాఫీ షాపు గోడ మీద కొన్ని నెలలు వేలాడాయి. మాంట్రియల్‌లో పదిమందితో కలిపి ఒక ప్రదర్శనలో పెట్టారు. బతికుండగా అతని పేరు నలుగురికీ తెలిసింది అంతవరకే. ఉన్న బొమ్మల్లో చాలావాటిని అతనే ఉంచలేదు. నచ్చకపోతే కత్తితో అడ్డంగా కోసి, చుట్టి, చెత్తరోజున బయట పెట్టేవాడు. ఇక్కడ చెత్త పారదర్శకంగా కనిపించే సంచుల్లో పెట్టాలి. వీధిలో నడిచేవాళ్ళకు సంచిలోంచి సగం ముఖాలు కనిపించేవి. ఒకసారి చూసి పక్కింటావిడ గుండె పట్టుకుంది. రంగు వేసిన కాన్వాసు ఏ సంచిలోకి వస్తుందో మున్సిపాలిటీకి ఫోన్ చేసి కనుక్కున్నవాణ్ణి నేనే.

చివరి బొమ్మ మా వంటిల్లు. ఒక చలికాలమంతా వేశాడు. మా బల్ల, మా స్టీలు కంచం, బల్ల అవతల గరిటె పట్టుకున్న మా ఆవిడ, నడుము దాకా. ముఖం వెలుగులో కరిగిపోయి ఉంటుంది గాని నిలబడ్డ తీరు చూస్తే ఎవరైనా గుర్తుపడతారు. ఇవతల కూర్చున్న మనిషి కనిపించడు. కంచం మీదికి వచ్చిన అతని చెయ్యి మాత్రం కనిపిస్తుంది. ఆ చేతితోనే పేచీ. వేయడం, గీకేయడం, మళ్ళీ వేయడం. వద్దని అడ్డం పెడుతున్నట్టు వేస్తే మొండిగా ఉందనేవాడు. పెట్టమని చాచినట్టు వేస్తే అబద్ధంగా ఉందనేవాడు. వేసవి వచ్చేసరికి ఆ చెయ్యి ఎటూ కాకుండా, ఎర్రని మసకలో, కంచానికి కాస్త పైన ఆగిపోయింది. విసిగి ఒకరోజు, దీన్ని కోసేస్తాను అన్నాడు. అన్నాడే గాని కత్తి తియ్యలేదు. నడుంనొప్పి తగ్గాక చూస్తానన్నాడు.

అది నడుంనొప్పి కాదు. నేను పనిచేసిన ఆసుపత్రికే కారులో తీసుకువెళ్ళాను. కాగితాల మీద అంకెలు చూసిన వెంటనే నాకు అర్థమైంది, డాక్టరు చెప్పేదాకా నోరు మూసుకొని కూర్చున్నాను. మొదటి మంచు పడకముందే అంతా ముగిసిపోయింది. ఆ నెలల్లో అతను చిన్నచిన్న బొమ్మలన్నీ ఎవరెవరికి ఇవ్వాలో చెప్పాడు. కొన్ని ప్లోవ్‌దివ్‌లో ఉన్న అక్కకు, కొన్ని యార్డ్ స్నేహితులకు. పెద్దదాని మాట ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం, ఇక అడగకపోతే అడగలేనని తెలిసి, మంచం పక్కన వంగి అడిగాను, ఆ వంటింటి బొమ్మ ఉంచమంటావా అని.

ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. తల ఊపాడు. పైకీ కిందికీ.

నేను మళ్ళీ అడగబోతుండగా నర్సు వచ్చింది. మందు ఎక్కించారు, నిద్రపోయాడు. మర్నాటినుంచి మాట లేదు, ఆ వారం దాటలేదు. ఆ రోజు డైరీ నా పద్ధతిలోనే ఉంది. వాన, గాలి తూర్పునుంచి, కార్ పార్కింగ్ మూడో అంతస్తు, నర్సు పచ్చ స్వెటరు. బొమ్మ గురించి అడిగాను, తల పైకీ కిందికీ ఊపాడు. జరిగినది జరిగినట్టు రాశాను. ఏం జరిగిందో మాత్రం తెలియదు. ఈ ఊరి తలైతే ఉంచమన్నాడు. వాళ్ళ ఊరి తలైతే వద్దన్నాడు, కోసెయ్యమన్నాడు. మాతో ఇంట్లో ఎప్పుడూ వాళ్ళ ఊరి తలే. కాని ఆసుపత్రిలో అంతా ఇక్కడి మనుషులు, వారాలుగా వాళ్ళతోనే మాటలు. పైగా బాగా అలిసిపోయి ఉన్నాడు. చనిపోతున్నవాడి ఆఖరి మాటను తలకిందులు చేసినవాణ్ణి అవుతానేమోనని నేను దాన్ని కొయ్యనూ లేదు, ఎవరికీ చూపించనూ లేదు. దుప్పటి కప్పి గోడకు తిప్పి నిలబెట్టాను.

మా ఆవిడకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "చేతులు అడ్డం పెట్టాడా? పెట్టలేదుగా. అయితే ఉంచమన్నట్టే," అంది. ఒక చేతికి సెలైన్ గొట్టం, రెండోది దుప్పటి కింద ఉందని నేను గుర్తుచేశాను. "నిజంగా వద్దనుకుంటే దుప్పట్లోంచి తీసేవాడు," అంది. రెండు చలికాలాలు ఈ వాదన మా ఇంట్లో అప్పుడప్పుడూ లేస్తూనే ఉంది.

ఇక ఈ ఏడు, హార్బర్ అవతలి ఒడ్డున చిన్న గ్యాలరీ నడిపే ఒకావిడ, కాఫీ షాపులో అతని బొమ్మలు చూసి గుర్తుపెట్టుకున్న మనిషి, ఉన్నవన్నీ చేర్చి ప్రదర్శన పెడతానంది. అతని అక్క ప్లోవ్‌దివ్‌నుంచి కొన్ని బొమ్మలు పట్టుకొని స్వయంగా వచ్చి, మా ఇంట్లోనే దిగింది. స్కూల్ టీచరు. తూచినట్టు మాట్లాడే ఇంగ్లిష్. ఒక గోడ ఖాళీగా ఉంచాననీ, పెద్ద బొమ్మ సంగతి తేల్చమనీ గ్యాలరీ ఆవిడ ఫోన్ చేసింది. అక్కను గరాజ్‌లోకి తీసుకువెళ్ళి దుప్పటి తీశాను. ఆమె కంచం మీది చేతికేసి చాలాసేపు చూసింది. తమ్ముడి చెయ్యేనని, చిటికెన వేలు వంకర చిన్నప్పుడు సైకిలు మీదనుంచి పడి వచ్చిందని చెప్పింది. పంచగా మిగిలిన తమ్ముడి బొమ్మలన్నీ ఇప్పుడు ఆమెవే. కాని ఆమె కూడా నాలాగే, తన ఇష్టం కాకుండా అతని ఇష్టం తెలియాలంది. ఆసుపత్రిలో ఎలా ఊపాడో చేసి చూపించమంది.

చేశాను. "అలా కాదు," అంది. "మొదట గడ్డం పైకి వెళ్ళిందా, కిందికి దిగిందా? కాదనేటప్పుడు మేం మొదట గడ్డం పైకి ఎత్తుతాం. నాలుకతో చిన్న చప్పుడు కూడా చేస్తాం. చప్పుడు వినిపించిందా?"

మాస్కు బుస్సుమంటుంటే ఏమీ వినిపించలేదు. గడ్డం మొదట ఎటు వెళ్ళిందో నాకు తెలియదు. నర్సు స్వెటరు రంగు రాసుకున్నవాణ్ణి. రెండుమూడుసార్లు కళ్ళు మూసుకొని ఆ తలను మళ్ళీ చూడడానికి ప్రయత్నించాను. ఒకసారి పైకి వెళ్ళింది, ఒకసారి కిందికి దిగింది. ఆమె నా అవస్థ చూసి నా భుజం తట్టింది.

"వదిలేయండి. ఇక్కడికి వచ్చాక వాడి తల ఏ దేశానిదో మాకే తెలిసేది కాదు," అంది. ఒక ఏడు వీడియో కాల్‌లో తల్లి, ఈస్టర్‌కు వస్తావా నాన్నా అని అడిగితే పైకీ కిందికీ ఊపాడట. రానన్నాడనుకొని ఆవిడ ఏడ్చిందట. తీరా చూస్తే పండగనాడు సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడ్డాడట.

భోజనానికి లోపలికి వచ్చాం. ప్రార్థన అయింది. మా ఆవిడ పప్పు వేస్తూ, ఇంకాస్త అని గరిటె ఎత్తింది. అక్క తల పైకెత్తి దించింది. మా ఆవిడ వేసేసింది. అక్క నవ్వి, వద్దన్నాను కదా అంది. మా ఇంట్లో చేతులు అడ్డం పెడితేనే వద్దని లెక్క అని నేను సర్దిచెప్పాను, తమ్ముడికి నేర్పినట్టే చేసి చూపించాను. అక్క తన కంచం మీద చెయ్యి పెట్టి చూసుకుంది. మళ్ళీ తీసింది. బొమ్మలో చెయ్యి ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడికి తెచ్చి ఆపింది, కంచానికి కాస్త పైన, ఎటూ కాకుండా.

"ఆంటీ, చెయ్యి ఇలా ఉంటే ఏం చేస్తారు?" అని అడిగింది.

"వడ్డిస్తాను," అంది మా ఆవిడ. అందులో అడగడానికేముందన్నట్టు.

అక్క ఫోన్ తీసుకొని గ్యాలరీ ఆవిడకు, వ్యాన్ పంపమని చెప్పింది. చెబుతున్నంతసేపూ తల అడ్డంగా ఊపుతూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటూ.

ప్రదర్శన మొన్న శనివారం మధ్యాహ్నం మొదలైంది. ఫెర్రీలో వెళ్ళాం. జనం బాగానే వచ్చారు, యార్డ్‌వాళ్ళు స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలు వేసుకొని వచ్చారు. మా ఆవిడ తన బొమ్మ దగ్గరికి మాత్రం పోకుండా, దూరంనుంచి, ఆ గరిటె కాస్త పెద్దదిగా వేశాడు చూశారా అంది. నేను దగ్గరగా నిలబడ్డాను. చేతికర్ర పట్టుకున్న ఈ ఊరి ముసలాయనెవరో నా పక్కకు వచ్చి, చాలాసేపు చూసి, ఆ చెయ్యి చాలని అంటోందా, ఇంకా కావాలని అంటోందా అని అడిగాడు. వేసినవాడు మా ఇంట్లోనే ఉండేవాడని ఎవరో చెప్పినట్టున్నారు.

నేను తల ఊపాను. "నేనూ అదే అనుకున్నాను," అని ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు.

ఏ వైపు ఊపానో నాకు తెలియదు, డైరీలోనూ రాయలేదు. రాసి మూసేసిన రోజులన్నీ ఎప్పుడో గడిచిపోయాయి, ఆసుపత్రిలో ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం, ఎటు వెళ్ళాలో తెలియక, ఇంకా నా ఎదుట తల ఎత్తి అలాగే ఆగి ఉంది.